మూసిన తలుపులోంచి వచ్చిన పొగ

పురపాలక సంఘం కట్టించిన ఆ ఎనిమిదంతస్తుల భవనంలో తొంభై ఆరు ఇళ్లున్నాయి. పన్నెండేళ్లుగా వాటి తలుపుల మంచీ చెడూ చూసింది ఒక్క మనిషే. ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. భవనంలో ఉన్నవాళ్లకి, ఆఫీసులో అధికారులకి, ఆఖరికి మొగుడికి కూడా ఆమె చిత్రికమ్మే.

ఆ పేరు ఊరికే రాలేదు. వానలు పడితే చెక్క ఉబ్బుతుంది. తలుపు గుమ్మాన్ని పట్టేసుకుంటుంది. "చిత్రికమ్మా, మా తలుపు మొండికేసింది, భుజం నొప్పెడుతోంది తల్లీ" అని ఎవరో ఒకరు కబురు పెడతారు. ఆమె వచ్చి బందులు విప్పి, తలుపును రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టి, అంచు మీద నాలుగుసార్లు చిత్రిక పట్టి మళ్ళీ బిగించేది. అరగంట పని. చిటికెన వేలితో తోసినా మూసుకునేది. "వెన్నలా ఉంది" అనేవారు. వడ్రంగం నేర్పిన తండ్రి, బిగుసుకున్న తలుపు ఎక్కడ కనిపించినా తన ఇంటి పరువు పోయినట్టు బాధపడేవాడట. కూతురికి కూడా ఆ పట్టుదలే వచ్చింది. తన భవనంలో మొండికేసే తలుపు ఒక్కటి కూడా ఉండకూడదు. ఉండేది కాదు కూడా.

ఏడాదికోసారి అగ్నిభద్రత తనిఖీ పేరుతో ఇళ్ల కమిటీ నుంచి ఒక ఫారం వచ్చేది. అందులో తలుపుల గురించి ఉన్నది ఒకటే ప్రశ్న: తలుపు దానంతట అది పూర్తిగా మూసుకుంటున్నదా? అవును, కాదు. చిత్రికమ్మ ప్రతి అంతస్తూ ఎక్కి, ప్రతి తలుపూ తెరిచి వదిలి, తొంభై ఆరుసార్లు "అవును" దగ్గర టిక్కు పెట్టేది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. కింద ఇంజనీరు సంతకం, ఆ కింద ఇళ్ల కమిటీ అధ్యక్షురాలి సంతకం. మూడు సంతకాలు పడ్డ కాగితాన్ని చూసి మంట జడుసుకుని వెనక్కి పోతుందని ఆ ఆఫీసులో అందరికీ గట్టి నమ్మకం.

ఒక మంగళవారం పట్టపగలు నాలుగో అంతస్తులో మంట లేచింది.

అది టైలరు ఇల్లు. భార్య పోయిన మనిషి, ముసలి తల్లితో ఉంటూ ముందుగదిలోనే మిషను పెట్టుకుని కుడతాడు. పొయ్యి మీద నూనె మూకుడు పెట్టి, ఎవరో కొలతల కోసం ఫోను చేస్తే మాటల్లో పడ్డాడు. మూకుడు అంటుకుని పక్కనున్న గుడ్డల మూటకి పాకింది. తల్లిని భుజాన వేసుకుని బయటికొచ్చి, తలుపు లాగి మూసి, మెట్లు దిగాడు. అగ్నిమాపక దళం ఇరవై నిమిషాల్లో వచ్చింది. ఆ పొగలో తలుపు మూసి ఉందో తెరిచి ఉందో ఎవరూ గమనించలేదు. మంట ఆరిపోయింది, ఎవరూ కాలలేదు. కానీ ఈలోపు నాలుగో అంతస్తు నడవా అంతా పొగతో నిండిపోయింది. ఎదురింట్లో ఉండే పెద్దావిడ, ఉద్యోగం మానేసి చాలాకాలమైన నర్సు, మెట్ల దాకా వెళ్లలేక నడవాలోనే కుప్పకూలింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉంది.

వారం తిరక్కుండా టైలరుకి నోటీసు వచ్చింది. తలుపుకి ఏదో అడ్డం పెట్టి తెరిచి వదిలి పారిపోవడం వల్లే పొగ నడవాలోకి వ్యాపించిందట. గురువారం కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. తప్పు రుజువైతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. అతని మాట నమ్మడానికి ఎవరికీ మనసొప్పలేదు. పోయిన వేసవిలో ఉక్కగా ఉందని తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి దొరికిపోయి ఒక హెచ్చరిక తిన్న మనిషి. "మూశానండీ బాబూ, మా అమ్మ తోడు, మూశాను" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుని తిరిగాడు. అందరూ తలూపి, అతను మలుపు తిరగ్గానే పెదవి విరిచారు.

చిత్రికమ్మ కూడా నమ్మలేదు. నిజం చెప్పాలంటే ఒంటికాలి మీద లేచింది. తను అంత చక్కగా పెట్టిన తలుపు మూయడానికి ఈయనకి చేతులు రాలేదా అని.

బుధవారం పొద్దున ఆమె చేతికి పనిచీటీ వచ్చింది: నాలుగో అంతస్తు, టైలరు ఇంటి తలుపు ఊడదీసి షెడ్డుకి తెచ్చి, కడిగి, కొత్త రంగు వేయాలి. సబ్బునీళ్లు, గరుకు కాగితం, మీగడరంగు డబ్బా తీసుకుని వెళ్లింది. ఆ గుమ్మానికి పాత ప్లైవుడ్ తలుపొకటి తాత్కాలికంగా బిగించి, కాలిన తలుపును బండి మీద షెడ్డుకి తెచ్చి స్టూళ్ల మీద పడుకోబెట్టింది. తడిగుడ్డ చేత్తో పట్టుకుని ఆగిపోయింది.

లోపలి వైపు మసి పట్టి బొగ్గులా ఉంది. అది ఉండాల్సిందే. బయటి వైపు మీగడరంగు మాత్రం దాదాపు శుభ్రంగా ఉంది. బందులు ఉండే అంచు కూడా శుభ్రంగానే ఉంది. తాళం ఉండే అంచూ, పై అంచూ మాత్రం పొడవునా నల్లటి చార. ఆ చార దగ్గర్నుంచి బయటి వైపుకి, విసనకర్ర విప్పినట్టు మసి పరుచుకుంది.

తలుపు తెరిచి ఉంటే నాలుగు అంచులూ ఒక్కలా నల్లబడాలి. మూసి ఉంటే తప్ప ఇలా సందున్న అంచుల్లోనే చార పడదు. టైలరు తలుపు మూశాడు. పొగ మూసిన తలుపు సందులోంచి బయటికి వచ్చింది.

గుడ్డ బకెట్లో పడేసి మళ్ళీ నాలుగో అంతస్తుకి పరుగెత్తింది. గుమ్మం కొలిచింది. షెడ్డుకి తిరిగొచ్చి తలుపు కొలిచింది. ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసింది. తాళం వైపు సందు తొమ్మిది మిల్లీమీటర్లు. ఆ అంచు మీద చెయ్యి పెట్టి తడిమింది. నున్నగా, అద్దంలా ఉంది. ఆ నునుపు ఎవరి చేతిదో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

షెడ్డులో అటక మీద, తలుపులతో పాటు మొదట వచ్చిన కాగితాల కట్టలు ఉన్నాయి. తాడు కూడా విప్పలేదు. దుమ్ము దులిపి చూస్తే ప్రతి కట్టలోనూ తలుపు తయారీవాళ్లు ఇచ్చిన కాగితం ఒకటి ఉంది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆమెకి చదవడానికి అరగంట పట్టింది. ఇవి మామూలు తలుపులు కావు, మంటనీ పొగనీ అరగంట ఆపడానికి చేసినవి. సందు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. అంచులో ఉన్న నల్లపట్టీ వేడి తగిలితే ఉబ్బి సందును మూసేస్తుంది. అంచులను ఎట్టి పరిస్థితుల్లోనూ చెక్కరాదు.

నల్లపట్టీ! చిత్రికకి అడ్డం వస్తోందని ఇన్నేళ్లుగా ఆమె ముందు దాన్నే పీకి పారేసేది. రబ్బరు ముక్కలనుకుంది. షెడ్డులో బల్లలు ఊగకుండా కాళ్ల కింద పెట్టినవి అవే. తన ఇంట్లో కుట్టుమిషను చప్పుడు చెయ్యకుండా పెట్టిందీ అదే.

ఆమె తలుపు మీది చారలని ఒక చీటీ మీద బొమ్మ గీసి, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని ఇంజనీరు గదికి వెళ్లింది.

ఇంజనీరు కుర్రవాడే, చెడ్డవాడు కాదు. ఆ ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. కాగితం చదివి, ఆమె గీసిన బొమ్మ చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"రంగు వేసేశారా?"

"వెయ్యలేదు సార్. వెయ్యను."

"అమ్మా, కాస్త నెమ్మదిగా ఆలోచించండి. తలుపుది తప్పంటే ఆ ఒక్క తలుపుతో పోదు. మొత్తం భవనం మీదకొస్తుంది. ఈ రెండేళ్లూ నేనూ సంతకం పెట్టాను కదా."

"నేను టిక్కు పెట్టాకే కదా సార్ మీరు సంతకం పెట్టింది."

"అదే నేను చెప్పేది. ముందు మీ పేరే వస్తుంది. వచ్చే నెల మిమ్మల్ని పెద్దమేస్త్రీని చెయ్యాలని నేనే రాశాను. ఇప్పుడు ఇదంతా దేనికి? టైలరుకి ఇంకో ఇల్లు దొరక్కపోదు."

"ముసల్దాన్ని భుజాన వేసుకుని ఎక్కడికి పోతాడు?"

"సాయంత్రంలోగా రంగు వేసేయండి" అన్నాడు ఇంజనీరు కిటికీ వైపు చూస్తూ. సూటిగా చూసి చెప్పలేని మాటలకి ఆ ఆఫీసులో కిటికీలు చాలానే ఉన్నాయి.

ఆమె మొగుడు సిటీ బస్సు నడుపుతాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగి షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆమె తలుపు పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"ఏమిటే, తలుపుకి కాపలానా? పారిపోతుందా అది?" అన్నాడు. ఆమె నవ్వలేదు. మొత్తం చెప్పింది. అతను టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నీకెందుకే ఈ గొడవ? నీకు తెలిసి చేశావా? చెక్కకూడదని నీకెవరన్నా చెప్పారా?"

"చెప్పలేదు. కానీ చెక్కింది ఎవరయ్యా?"

"పెద్దమేస్త్రీ అయితే మెట్లెక్కడం తప్పుతుందన్నావు. మోకాళ్లు అరిగిపోయాయన్నావు."

"అరిగితే అరిగాయి. ఆ నర్సు పెద్దమ్మ ఊపిరితిత్తులు నా మోకాళ్లకంటే చవకా?"

అతను టోపీని అటూ ఇటూ తిప్పాడు. "పదిహేనేళ్ల కిందట నేను బ్రేకులు సరిగా లేవని బస్సు తియ్యనంటే నువ్వు నన్ను తిట్టావు గుర్తుందా?"

"తిట్టలేదు. అన్నం పెట్టలేదంతే."

"అదీ! కాబట్టి ఇప్పుడు నిన్ను తిట్టే హక్కు నాకుంది. తర్వాత తిడతాను. టేపు ఎక్కడుంది?"

ఆ పూటే భవనమంతా కొలవడం మొదలుపెట్టారు. ఆమె సందు కొలుస్తుంటే అతను కాగితం మీద ఇంటి నంబరు, పక్కన అంకె వేసేవాడు. మొదటి రెండు అంతస్తులు బాగానే గడిచాయి. మూడో అంతస్తులో ఒకావిడ తలుపు తీసి, "ఇదేమిటి చిత్రికమ్మా, మా తలుపు నువ్వు పెట్టినప్పటినుంచీ వెన్నలా ఉంటేనూ! మళ్ళీ ఏం చేస్తావు?" అంది. ఆ వెన్న అన్న మాట చిత్రికమ్మ గుండెలో గుచ్చుకుంది. "సందు ఎక్కువైందమ్మా" అంది తల దించుకుని. పక్కింటాయన తల బయటికి పెట్టాడు. "పన్నెండేళ్లకి కొలతలు గుర్తొచ్చాయా? మంట వచ్చిపోయాక?" అన్నాడు. ఇంకెవరో, "మొగుడూ పెళ్లాం కలిసి మన ఇళ్లు ఖాళీ చేయిస్తారు చూడండి" అన్నారు. బస్సు డ్రైవరు గొంతు పెంచబోతే ఆమె ఆపింది. "ఊరుకోవయ్యా. అంకె వెయ్యి. ఏడు."

నాలుగో అంతస్తులో నర్సు తలుపు తీసింది. మొహం ఇంకా పాలిపోయి ఉంది, మాట మాటకీ దగ్గు. చిత్రికమ్మ ఆమె కళ్లలోకి చూసి, "పెద్దమ్మా, ఆ పొగ నా వల్ల వచ్చింది" అంది. అక్షరం మింగకుండా మొత్తం చెప్పింది.

నర్సు విని, దగ్గి, గోడకి ఆనుకుంది. "నేను ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో చేశాను. తప్పు జరగని వార్డు చూడలేదు. తప్పు రాసిపెట్టిన వార్డు మాత్రం రెండే చూశాను." తన తలుపు అంచు తడిమి, "నా తలుపు కూడా చెక్కావా?" అంది.

"చెక్కాను. ఎనిమిది."

"అయితే రాసుకో మరి. మొహం చూస్తావేం?"

బుధవారం వెలుగు పోయేలోపు తొంభై ఆరు తలుపులూ అయ్యాయి. డెబ్బై ఒకటి పనికిరావు. మిగతా ఇరవై ఐదింటి మీద ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు కాబట్టే అవి బతికిపోయాయి.

గురువారం మూడు గంటలకి కమిటీ సమావేశం. అది ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, అయితే వచ్చి కూర్చునేవాళ్లు ఉండరు. పొడవాటి బల్ల, ఒకవైపు ఐదుగురు సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు. ఆవిడ ఒకప్పుడు బళ్లో లెక్కలు చెప్పిన టీచరు. కళ్లజోడు మీదుగా చూస్తే ఇప్పటికీ ఎదుటివాళ్లు హోంవర్కు మర్చిపోయినట్టు ముడుచుకుంటారు. ఒక మూల ఇంజనీరు, ఇంకో మూల ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన టైలరు. టైలరు సగం చెప్పేసరికే ఒక సభ్యుడు గడియారం చూసుకున్నాడు.

అప్పుడే హాలు తలుపు దగ్గర ధడేల్మని చప్పుడైంది. చిత్రికమ్మా, మొగుడూ కాలిన తలుపును చెరో అంచు పట్టుకుని రొప్పుతూ లోపలికి వస్తున్నారు.

"ఏమ్మా, ఏమిటిది?" అంది అధ్యక్షురాలు.

"తలుపు మేడం."

"తలుపని నాకూ కనిపిస్తోంది. ఇక్కడికెందుకు తెచ్చావు?"

"కడిగి రంగు వెయ్యమన్నారు. వేస్తే ఇది చెప్పాల్సింది చెప్పలేదు. అందుకని ముందు మీకు చూపించడానికి తెచ్చాను."

గోడకి నిలబెట్టి, చారలు వేలితో చూపిస్తూ చెప్పింది. తొమ్మిది మిల్లీమీటర్ల సందు ఎంతుంటుందో తెలియడానికి తన చిటికెన వేలి కొన ఆ చార మీద ఆనించింది. సభ్యులు ఒక్కొక్కరే లేచి వచ్చారు. గడియారం చూసుకున్నాయన కూడా వచ్చి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. అటక మీద దొరికిన కాగితాన్ని అధ్యక్షురాలు రెండుసార్లు చదివింది.

"చెక్కరాదని ఇంత స్పష్టంగా ఉంటే, చెక్కింది ఎవరు?"

ఇంజనీరు చూపు కిటికీకి వెళ్లింది.

"నేనే మేడం. ఈ ఒక్కటే కాదు, డెబ్బై ఒకటి." కాగితం బల్ల మీద పెట్టింది. "ఇంటి నంబర్లు, కొలతలు. టైలరు తలుపు మూశాడు. ఆయన అబద్ధం ఆడలేదు."

"ఇది చెబితే నీకేమవుతుందో తెలుసా?"

"కొంచెం తెలుసు. మిగతాది మీరు చెబుతారు కదా."

అధ్యక్షురాలి పెదవులు కదిలాయి గానీ అది నవ్వో కాదో ఎవరికీ అర్థం కాలేదు. టైలరు నోటీసు అక్కడికక్కడే రద్దయింది. డెబ్బై ఒక్క తలుపులూ మార్చాలని, ఈలోగా ప్రతి అంతస్తులో పొగని పసిగట్టే గంటలు పెట్టాలని తీర్మానించారు. చిత్రికమ్మ పెద్దమేస్త్రీ సంగతి పక్కన పెట్టి, ముందు సంజాయిషీ రాసివ్వమన్నారు. ఇంజనీరు కూడా రాయాలి.

బయట వరండాలో టైలరు ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. దణ్ణం పెడతాడనుకుంది.

"అంటే నా కొంప ముంచబోయింది నువ్వేనన్నమాట అక్కా."

"అవును."

"ఊరంతా నన్ను దొంగని చూసినట్టు చూసింది. నువ్వు కూడా."

"అవును. నేను కూడా."

"ఆ ప్లైవుడ్ తలుపుకి గొళ్లెం సరిగా పడట్లేదు. మా అమ్మకి భయం వేస్తోంది" అన్నాడు విసుగ్గా.

"పొద్దున్నే వస్తాను."

సోమవారం తీర్మానం నకలు ఆఫీసు బోర్డుకి ఎక్కింది. చిత్రికమ్మ నిలబడి వేలితో వరసలు వెంబడిస్తూ చదివింది. "దీర్ఘకాలం వాడకం వలన అరిగిన తలుపులను మార్చుటకు" అని ఉంది. ఇంకోసారి చదివింది. ఆమె పేరు లేదు. చెక్కడం అన్న మాట లేదు. తలుపులు వాటంతట అవే అరిగిపోయాయి.

నేరుగా గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లింది. గుమాస్తా కాగితాల మీద నుంచి తలెత్తి గొంతు తగ్గించాడు. "నీ మంచికే అలా రాయించాం చిత్రికమ్మా. నీ మీద మచ్చ పడకుండా. ఇంజనీరు గారి మీద కూడా."

"అరగలేదు బాబూ. నేను చెక్కాను."

"ఏదైతేనేం? తలుపులు మారుతున్నాయి కదా!"

"ఈ భవనంలో మారతాయి. సంఘానికి ఇంకా పది భవనాలున్నాయి. పది మంది వడ్రంగులున్నారు. వాన పడితే వాళ్లు ఇప్పుడు కూడా చెక్కుతున్నారు. 'అరిగింది' అని రాస్తే వాళ్లకి తెలిసేదేముంది?"

"అధ్యక్షురాలి సంతకం అయిపోయింది. ఇప్పుడు మార్చాలంటే..."

"ఆవిడ లోపల ఉన్నారా?"

"ఉన్నారు గానీ..."

"అయితే అడిగి రా. నేనిక్కడే ఉంటాను."

ఉంది. పదకొండు గంటల నుంచి ఒంటిగంట దాకా, బల్లకి ఒక చెయ్యి ఆనించి నిలబడే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. దారిన పోయే ఇంజనీరు రెండుసార్లు చూసి, మూడోసారి ఆగాడు. ఈసారి కిటికీ వైపు చూడలేదు. తనే లోపలికి వెళ్లాడు. కాసేపటికి గుమాస్తా మొహం మాడ్చుకుని కొత్త కాగితం టైపు కొట్టాడు: "అంచులను చిత్రిక పట్టడం వలన, నల్లపట్టీలు తొలగించడం వలన పనికిరాకుండా పోయిన తలుపులను..." ఆ కింద ఆమె పేరు, ఇంజనీరు పేరు, ఫారంలో సందు కొలత అడగని కమిటీ పేరు.

ఆమె చదివి, పది నకళ్లు అడిగింది.

షెడ్డులో మిగతా వడ్రంగులు మధ్యాహ్నం టీ తాగుతున్నారు. ఆమె లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. ఒక్కొక్కరి పక్కన ఒక్కో కాగితం పెట్టింది. చివర కూర్చున్న ముసలి వడ్రంగి, ఆమె తండ్రితో కలిసి పనిచేసినవాడు, చదివి కాగితం పక్కకి నెట్టాడు.

"చెక్కొద్దంటే ఎలా అమ్మాయ్? వానకి బిగుసుకుంటే జనం మన పీకల మీద కూర్చుంటారు. ఏం చెయ్యమంటావు?"

"బందులు సర్దాలి బాబాయ్. కింది బందు వెనక సన్నటి రేకు పెడితే తలుపు పక్కకి జరుగుతుంది. కష్టమే. పూట పడుతుంది."

"పూటా! ఒక్క తలుపుకి?"

"ఒక్క తలుపుకే. లే, నీ భవనానికి పోదాం. ముందు కొలుద్దాం."